ఎదురుకాళ్ల యాదమ్మ

యాదమ్మ తల్లి కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుంపట్టు వదులుతుందని నమ్మకం. గట్టు ఊరి చుట్టుపక్కల ఎవరికి నడుం పట్టేసినా పొద్దున్నే వచ్చి ఆమె గడప ముందు బోర్లా పడుకునేవాళ్లు. ఆమె ఎడమకాలితో మెల్లగా తొక్కేది. వాళ్లు లేచి, దుమ్ము దులుపుకుని, చెలకకు పోయేవాళ్లు. ఆ గొప్ప యాదమ్మకు కొంచెం ఉండేది. ఎందుకుండదు?

పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. ఆమె మొగుడు నాగప్పకు మాత్రం పెరటిచెట్టు మీదే గురి. విత్తన పత్తి చేలో మొగ్గలు గిల్లుతూ వంగి వంగి, ఒకరోజు సాలులోనే కూలబడ్డాడు. నడుం నుంచి పిర్ర మీదుగా పిక్కలోకి కరెంటు కొట్టినట్టు నొప్పి దిగింది.

"ఇంట్ల నువ్వుండంగ దవాఖాన ఏందే?" అన్నాడు.

యాదమ్మ తొక్కింది. తగ్గకపోతే ఇంకా గట్టిగా తొక్కింది. ఊరందరికీ తగ్గించిన కాలు కట్టుకున్నవాడికి పనిచేయదా అని పంతం. ఆ పంతమే కొంప ముంచింది. వారం తిరిగేసరికి అతను గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయాడు.

చివరికి షేర్ ఆటోలో గద్వాలకు తీసుకుపోయింది. డాక్టరు కాలెత్తి చూశాడు, ఆమె చెప్పిందంతా విని తల కొట్టుకున్నంత పని చేశాడు.

"నడుం కాడ నరం ఒత్తుకుంటుందమ్మా. ఇగ తొక్కుడు బంద్ చెయ్. మందులేస్కొని, బరువులెత్తకుండ ఇంట్లనే మెల్లగ తిరగాలె. నొప్పి ఉన్నన్ని రోజులు అంత భయం లేదు. కాలు మొద్దుబారితే మాత్రం ఆగకు, కర్నూలుకు తీస్కపో. ఆలస్యమైతే ఆ పాదం మల్ల లేవదు."

ఆ మాట ఆమె గుండెలో రాయిలా పడింది. మరునాడు పొరుగింటి శాంతయ్య నడుం పట్టుకుని వస్తే, "నా కాలుల ఏం లేదు, పో అన్న" అని తలుపేసుకుంది. తర్వాత తలుపు వెనక కూర్చుని ఏడ్చింది.

నాలుగు రోజులకు, చీకటి పడే వేళ, నాగప్ప మొహం కొంచెం తేటపడింది.

"పొద్దటిసంది నొప్పి జర తగ్గింది యాదీ. ఒక్కపారి కాలు పెట్టు, ఉన్నది గూడ పోతది."

"డాక్టరు వద్దన్నడు గదా."

"నడుం జోలికి పోకు. పాదం మీదనే పెట్టు. నీకు దండం పెడ్త."

నొప్పి తగ్గిందన్న మాటకు ఆమె ప్రాణం లేచివచ్చింది. కాదనలేకపోయింది. తొట్టిలోని చల్లటి నీళ్లతో కాళ్లు కడుక్కుని వచ్చింది. అతను చాప మీద గోడవైపు మొహం పెట్టి బోర్లా పడుకున్నాడు. ఆమె గోడ ఆనుకుని, బరువు వేయకుండా, తడికాలు నొప్పి దిగిన కాలి పాదం మీద ఆనించింది.

"పెడ్తవా, పెట్టవా? ఎంతసేపు నిలబడ్తవ్?" అన్నాడు.

యాదమ్మ వంగి చూసింది; తన తడికాలు అతని పాదం మీదనే ఉంది. గద్వాల పోయే ఆఖరి ఆటో ఎప్పుడో పోయింది. ఇంకొంచెం బరువు వేసింది.

"ఏమే," అన్నాడు నాగప్ప, "ఏడికి పోయినవ్?"