రెండించుల ఎత్తు

మాసమ్మ కమోడ్ మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

బాత్రూంలో కాదు, వాకిట్లో. మొగుడు కురుమయ్య బాత్రూం పనుల మేస్త్రీ. బషీర్‌బాగ్‌లో ఎవరో పెద్దసారు ఫ్లాట్‌లో కొత్త కమోడ్ బిగించి, తీసేసిన పాతదాన్ని ఆటోలో వేసుకొచ్చి గోడవారగా పెట్టాడు. ఎక్కడా పగుల్లేదు, మూత కూడా ఉంది. మూత మీద గోనెసంచి మడిచి వేసుకుంటే సరిగ్గా మాసమ్మ కూర్చోగలిగిన ఎత్తు. ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ అత్తది.

"సూడుండ్రి, మా కోడలు గద్దెనెక్కింది," అంది అత్త, పక్క వాటావాళ్లకు వినబడేట్టు. "ఏరేది తినే బియ్యం. కూసున్నదేమో దాని మీద."

"కడిగిన అత్తా. యాసిడ్ పోసి రెండుసార్లు కడిగిన."

"కడిగితే గిన్నెయితదా అది?"

పక్క వాటాలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాసమ్మ తలెత్తలేదు. లేవాలంటే ముందు కుడికాలు చాపాలి, గోడ పట్టుకోవాలి, ఎడమకాలి మీద బరువు వెయ్యాలి, అప్పుడు లేవాలి. అంత పని అత్త మాట కోసం చెయ్యడం ఎందుకని కూర్చునే ఉంది.

పాలమూరు దిక్కు నుంచి వచ్చింది మొదలు పదిహేడేళ్లు కురుమయ్య మేస్త్రీ, ఆమె హెల్పర్. ఇసుక జల్లించింది, సిమెంటు కలిపింది, టైల్స్ పెట్టెలు నెత్తిన పెట్టుకుని అంతస్తులు ఎక్కింది. ఇద్దరి కూలీ ఆయన చేతికే వచ్చేది. పనయ్యాక ఆయన చేతులు కడుక్కుని టీ తాగేవాడు, ఆమె తట్టలు పారలు కడిగి ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేది. మూడేళ్ల కింద రాంనగర్‌లో ఇంకా మెట్లు పొయ్యని బిల్డింగులో ఎక్కే చెక్క జారి ఆమె కింద పడింది. తుంటి ఎముక తల విరిగింది. సర్కారు కార్డు మీద ఆపరేషన్ చేసి, విరిగింది తీసేసి ఇనుప బంతి పెట్టారు. కింద కూర్చోవద్దు, కాలు మీద కాలు వెయ్యొద్దు, మోకాలు తుంటి కంటే పైకి రావద్దు అని డాక్టరు మూడు మాటలు చెప్పి పంపాడు. కింద కూర్చోకుండా బతకడం ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

బంతి పెట్టారు గాని నొప్పి తియ్యలేదు. తొడ నడిమి నుంచి మొదలై మోకాలి దాకా, లోపల ఎవరో చీల కొట్టి ఆపి, మళ్లీ కొట్టినట్టు ఉంటుంది. వాన పడేముందు ఎక్కువ. కుడిపక్కకు తిరిగి పడుకోవడం ఎట్లుంటుందో మరిచిపోయింది. ఆటో ఎక్కాలంటే చంటిపిల్ల కాలు ఎత్తినట్టు తన కాలు తనే రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. నారాయణగూడలో మళ్లీ ఎక్స్‌రే తీయిస్తే, బంతి మంచిగ కూర్చుందన్నారు. కురుమయ్య ఆ ఫిలిం ఎండకు పట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "కొత్త సామాన్ గద, ఇంకేం నొప్పి దీనికి? పని అనంగనే నొప్పి యాదికొస్తది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వినందుకు తర్వాత చాలా రోజులు తన మీద తనకే కోపం వచ్చింది.

కానీ నొప్పి కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. అశోక్‌నగర్‌లో వాళ్లుండే ఇంట్లో కింద మూడు వాటాలు. వెనక రెండు లెట్రిన్లు. రెండూ కిందికి కూర్చునేవే.

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో కాలు చాపి, తలుపు పట్టుకుని ఎట్లనో కూర్చోబోతే బంతి తుంటి గిన్నెలోంచి జారింది. ఆ అరుపుకు సందు సందంతా వచ్చింది. ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో అందరూ చూశారు. దవాఖానలో బంతి లోపలికి నెట్టి, "ఇంకోసారి జారితే మళ్లీ కొయ్యాలి, మళ్లీ కోస్తే నడుస్తావని నేను చెప్పలేను," అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక అడిగింది, మనింట్ల ఒకటి కుర్చీ లెక్కది పెట్టియ్యవా అని. "ఓనర్ ఒప్పుకుంట లేదే," అన్నాడు కురుమయ్య. ఏడాది తర్వాత అడిగినా అదే మాట.

అప్పుడు మాసమ్మ చిక్కడపల్లిలో స్టడీ హాల్‌లో ఊడ్చే పనికి కుదిరింది. సర్కారు నౌకర్ల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు పొద్దుట్నుంచి రాత్రిదాకా చదువుకునే చోటు. కాలు బాగలేని మనిషికి ఈ పనెందుకని అందరూ అన్నారు. ఆదివారం కూడా పోతున్నదని, పైసల మీద ఆశ ఎక్కువని అత్త అంది. మాసమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ హాల్ మీది అంతస్తులో ఆడపిల్లల బాత్రూంలో కమోడ్ ఉంది. ఆమె ఆ పనికి పోయేది దాని కోసం. సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు తాగదు. రాత్రి బుక్కెడే తింటుంది. తెల్లారి ఆరింటికి హాల్ తాళం తీసి, చీపురు పట్టుకోకముందే రెయిలింగ్ పట్టుకుని పైకి ఎక్కుతుంది. పండగలకు హాల్ మూస్తే ఆ రోజు ఉపాసం. ఎంత భక్తి అనుకున్నారు ఇరుగుపొరుగు.

ఆ రోజు, పొద్దున ఊడ్చి ఇంటికొచ్చి, బియ్యం ఏరి వండిపెట్టి మళ్లీ పనికి పోతే, మేనేజర్ మురళీకృష్ణ పిలిచాడు.

"ఏమనుకోకమ్మా. పైన బాత్రూం నువ్వు వాడుతున్నావని ఆడపిల్లలు కంప్లైంట్ చేస్తున్నారు. రేపట్నుంచి కింద సెల్లార్‌లో స్టాఫ్‌ది వాడుకో."

"అది కింద కూసునేది సార్. నాకు బాల్ ఏసిండ్రు."

"తెలుసమ్మా, నాకు తెలీదా? కానీ ఫీజు కట్టేది వాళ్లు కదా. నన్నేం చెయ్యమంటావు?"

ఆ బాత్రూం రోజుకు రెండుసార్లు కడిగేది మాసమ్మే. కడగడానికి మాత్రం రేపు పైకి రావొచ్చు. ఆమె "సరే సార్" అంది. చీపురు మూలకు పెట్టి, గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. రేపు పొద్దున ఆరింటికి ఎక్కడికి పోవాలన్నది తప్ప తలలో ఇంకేమీ లేదు. ముట్టయినప్పుడు, కానుపప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. అవి ఆడవాళ్లందరికీ ఉండేవి, ఒక మాటంటే అర్థం చేసుకునేవాళ్లు దొరికేవారు. ఇది చెప్పుకోవడానికి మాట కూడా లేదు. చెప్తే నవ్వుతారు, లేకపోతే ముక్కు మూసుకుంటారు.

సాయంత్రం కురుమయ్య సంతోషంగా ఉన్నాడు. బషీర్‌బాగ్ పని అయిపోయింది. కింద కూర్చుని తింటూ తల్లికి చెప్తున్నాడు.

"ఆ సారుకు మోకాళ్ల నొప్పులమ్మా. లేవస్తలేదన్నడు. నేనేం జేసిన, కింద ఒక వరుస కట్టి రెండించులు ఎత్తు పెంచి బిగించిన. ఎవరు చెప్పలే, నాకే తోచింది. సారు కూసోని లేసి, మేస్త్రీ, నువ్వు నా పానం కాపాడినవ్ అన్నడు. అంత సంబరపడ్డడు."

"మనిషి నొప్పెరిగి పనిజేసినవ్ బిడ్డా," అంది తల్లి.

మాసమ్మ నిలబడి పప్పు వేస్తోంది. గరిటె పళ్లెం దాకా పోయి ఆగింది.

"ఆ వాకిట్లది మనకే బిగియ్యరాదా?" అంది.

"మల్ల షురూ జేసినవా? అది నల్లకుంట పార్టీకి అమ్మిన, రేపు పదింటికి వచ్చి తీస్కపోతడు. ఓనర్ ఒప్పుకోదని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? జర పప్పెయ్యి."

ఆయన తిని, సందు చివరకు పోయాక మాసమ్మ మెట్లెక్కింది. ఓనరు సుబ్బులు గారు పైన ఉంటారు. పద్దెనిమిది మెట్లు. మంచి కాలు పైకి ముందు, ఇనుము కాలు దాని వెనక. నడుమ రెండుచోట్ల ఆగింది. అడుక్కోవడానికి మాటలు కూర్చుకుంటూ ఎక్కింది. కాళ్లు పట్టుకుందామన్నా వంగే వీల్లేదు.

"అదేంటి మాసమ్మా," అన్నారు సుబ్బులు గారు, అంతా విని. "రెండేళ్ల క్రితం శ్రావణంలోనే నేను మీ ఆయనతో చెప్పానే. లెట్రిన్‌లో నువ్వు పడ్డాక నాకు నిద్రపట్టలేదనుకో. రెండిట్లో ఒకటి పగలగొట్టి కమోడ్ పెట్టుకోండి, మిగతావాళ్లకి నేను చెప్పుకుంటానన్నాను. చూద్దామండీ అన్నాడు. మళ్లీ అడిగితే ఏమన్నాడో తెలుసా? మా ఆమెకు అలవాటైపోయిందండీ, అక్కర్లేదు అన్నాడు."

మాసమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. సుబ్బులు గారు ఇంకా ఏదో అంటున్నారు, కూర్చోమని కుర్చీ జరిపారు. మాసమ్మ కూర్చోలేదు. కోపం వస్తుందేమో అని ఒక క్షణం చూసింది. రాలేదు, అలసటే వచ్చింది. కురుమయ్య చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగితే పండగకు తాగుతాడు. ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఎన్ని బిగించాడో ఆయనకే తెలియదు. ఒక పూట పని. కూలి రాని పూట. దానికి బదులు ఒక అబద్ధం చెప్పాడు, అది చెప్పడానికి పూట కూడా పట్టలేదు. ఆ ఒక్క మాట మీద ఆమె రెండేళ్లు నీళ్లు తాగకుండా పడుకుంది. ఓనరమ్మ కనబడ్డప్పుడల్లా, పాడు మనిషి అని లోపల తిట్టుకుంది.

కిందికి దిగేటప్పుడు ఇనుము కాలు ముందు, మంచి కాలు వెనక.

తెల్లారి ఆమె హాల్‌కు పోలేదు. కురుమయ్య సంచి పట్టుకుని అడ్డా మీదికి పోయాక, ఇంకో అరగంటకు తనూ బయలుదేరింది. చిక్కడపల్లి మలుపులో కూలీల అడ్డా. మేస్త్రీలు, పెయింటర్లు, మట్టిపనివాళ్లు సంచులతో నిలబడి ఉంటారు. ఎవరైనా బండి ఆపితే చాలు, చుట్టుముడతారు. మాసమ్మ ఆగేసరికి కొత్తవాళ్లిద్దరు ఉరికొచ్చారు.

"ఏం పనక్కా? పలగొట్టుడా, సున్నమా? ఎంతమంది గావాలె?"

టీ కొట్టు దగ్గర్నుంచి కురుమయ్య చూసి గ్లాసు కింద పెట్టి వచ్చాడు. "ఏందే, ఏమైంది? అమ్మకేమన్న అయిందా?"

"అమ్మకేం కాలే. మేస్త్రీ కోసమొచ్చిన," అంది మాసమ్మ. గొంతు పెంచలేదు. కానీ అందరికీ వినబడింది. "బాత్రూం పని. పాతది పలగొట్టి కమోడ్ బిగియ్యాలె. ఒక పూట. సామాన్ ఉన్నది, కూలి నేనిస్త."

"కురుమన్నా, మీ ఇంటికే మేస్త్రీ గావాల్నట!" అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

"ఇజ్జత్ తియ్యకు, ఇంటికి నడువ్," అన్నాడు కురుమయ్య పళ్ల సందున. "ఓనర్ ఒప్పుకోదని..."

"ఓనరమ్మ దగ్గరికి రాత్రి నేనే పోయిన."

ఆయన చుట్టూ నిలబడ్డవాళ్ల దిక్కు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, నేనే జేస్త తియ్. నేనుండంగ బయటోడెందుకు?"

"కూలి లేని పని నీకు చాతగాదు."

మాసమ్మ గోడవార నిలబడ్డ బుగ్గయ్య దిక్కు చూసింది. ముసలి మేస్త్రీ, కురుమయ్యకు పని నేర్పినవాడు. "బుగ్గన్నా, నువ్వస్తవా?"

బుగ్గయ్య కురుమయ్య మొహం చూశాడు. "తమ్మున్ని ఒక మాట అడిగి..."

"పని నాది. నన్నడుగు."

ముసలాయన సుత్తి, చెక్కుడు ఉలి, మట్టం చూసే నీళ్ల గొట్టం సంచిలో సర్దుకుని భుజానికేసుకున్నాడు. పనికి పోయే మనిషి అలవాటుగా గబగబా నాలుగడుగులు వేసి, "ఎంత దూరమక్కా?" అన్నాడు.

"దగ్గర్నే," అంది మాసమ్మ. "గని నేను మెల్లగ నడుస్త. ముంగల నడవకు."