ఎర్త్ గుంతకు నీళ్ళు

“ఎర్త్ గుంతకు నీళ్ళు పోసినారా లేదా? ఈ వారం ఎవరి ముర?”

కుళాయి తిప్పబోయిన పక్క పోర్షన్ పిల్ల బొమ్మిని కరెంటు విసిరికొట్టి పావుగంట కాలేదు. ఆ పిల్ల గోడకు ఆనుకుని ఇంకా వణుకుతూనే ఉంది. ఇంటి ఓనరు అళగిరి మామ వస్తూనే అడిగిన మాట ఇదీ.

“నా వంతే మామా,” అంది జీవిత. “రెండు రోజులుగా మరచిపోయినా.”

బ్యాండేజి గుడ్డ మిల్లులో ఓవర్‌టైమ్ చేసి వచ్చి, వంట ముగించేసరికి ఆమెకు గుంత గుర్తులేదు. పక్క పోర్షన్ల ఆడవాళ్ళంతా ఆమెవైపే చూశారు. భర్త అశోక్‌కుమార్ ఊరుకుంటాడా?

“రెండు బిందెలు పోసేదానికి ఒళ్ళు వంగలేదా? ఆ పిల్ల చచ్చిపోయింటే?”

ఆ మహానుభావుడు ఏనాడూ కుళాయి మీద చెయ్యి వేసినవాడు కాడు. అతడి స్నానానికి కూడా ఆమే నీళ్ళు తోడిపెట్టాలి. వరస పోర్షన్ల ఆ లైన్ ఇంట్లో ఏ మగవాడికీ షాక్ కొట్టలేదంటే కొట్టదు మరి!

మోటరునూ, అన్ని పోర్షన్ల కుళాయి గొట్టాలనూ ఒకే తీగతో కలిపి, పెరట్లో రాగిపలక పాతి దానికి కట్టించానని, మన్ను తడారకుండా చూసుకుంటే చాలు, షాక్ కొట్టదని, ఇల్లు బాడుగకిచ్చిన రోజే మామ చెప్పాడు. తడపవలసింది ఎవరో మాత్రం చెప్పలేదు. ఆడవాళ్ళున్నారుగా! తాగే నీళ్ళకు కటకటలాడిన ఎండాకాలంలోనూ వాళ్ళు ఆ గుంతకు తక్కువ చేయలేదు. వాళ్ళలో అముదా అయితే శుక్రవారం పసుపు కుంకుమ కూడా పెట్టేది. చిన్నగా జివ్వుమన్నప్పుడల్లా ‘ఎవరు పోయలేదే?’ అని ఒకరినొకరు తిట్టుకునేవారు.

జీవిత ఏడుస్తూనే బిందె ఎత్తింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. తనమీది కసినంతా గుంతలో కుమ్మరించింది. నానిన మన్ను ఒక పక్క జారిపోయింది. లోపలినుంచి తీగ కొస పైకి లేచింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది. వెళ్ళి మెయిన్ ఆపి, బోర్డులోని ఫ్యూజులన్నీ పీకి, వచ్చి తీగ పట్టి లాగింది. ముల్లంగి ఊడినట్టు ఊడి వచ్చింది. దాని కొసన పలక లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్ళూ వాళ్ళు నీళ్ళు పోసింది ఉత్త మంటికి.

“అముదా, ఇటు రా. అందరూ రండి. మనం చేసిన తప్పు చూద్దురు!”

అళగిరి మామ గొంతు సవరించుకున్నాడు. “అప్పుడు పలక దొరకలేదు. ఆమేన ఎప్పుడన్నా చూస్తామని విడిచినా. ఇన్నేండ్లూ ఏమీ కాలేదు గదమ్మా?”

“సరి విడు. పెద్దాయనతో ఏమి సండ, కొట్లాట?” అన్నాడు అశోక్‌కుమార్. “ఫ్యూజు పెట్టు, ఉక్కబోస్తా ఉంది.”

జీవితకు ఒళ్ళు మండిపోయింది. ఇందాక బొమ్మి ప్రాణాల నింద తనమీద వేసిన నోరేనా ఇది?

“పెడతా. పెట్టినాక మీరిద్దరూ చెప్పులు విడిచి, తడిచేత్తో ఆ కుళాయి తిప్పండి.”

ఇద్దరూ కుళాయికి దూరంగా జరిగారు. జీవిత ఫ్యూజులను కొంగున ముడివేసుకుని, ఖాళీ బిందెను మామ కాళ్ళ దగ్గర పెట్టింది.

“పలక పాతినాకే కరెంటు. ఆమేన నీళ్ళు కూడా మీరే పోయండి.”