రాబందుల ప్రసంగం

ఇసుక మేట వచ్చిన చోటల్లా దవుసెని సైకిలు దిగి నడిపించుకుపోతాడు. దిగిన ప్రతిసారీ వంగి వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఇది ఈమధ్య పట్టుకున్న అలవాటు. ఇదివరకైతే దిగగానే నేలను చూసేవాడు. ఏ జంతువు దారి దాటింది, ఎటు పోయింది, అడుగుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, గాలికి కరిగిపోయాయా అని. పోయిన నెల కతెంగా ఊళ్ళో ప్రార్థన ముగించి బయటికి వచ్చేసరికి రెండు చక్రాల్లోనూ గాలి లేదు. ముల్లు దిగిన జాడా లేదు. ఎవరో గాలి తీసేసి, మూతలు మళ్ళీ జాగ్రత్తగా బిగించి పెట్టారు. గాలి తీసినందుకు కాదు, మూతలు బిగించినందుకే అతనికి భయమేసింది. కోపంలో చేసినవాడు మూతలు బిగించడు.

వానలు ఇంకా రాలేదు. లువాంగ్వా నది చిక్కి పాయలైపోయింది. ఉన్న కాసిని నీళ్ళలో నీటిగుర్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గొణుగుతున్నాయి. దవుసెని పొడుగు మనిషి. మెడ సన్నం. మిషను దొర ఎప్పుడో వెళ్ళిపోతూ ఇచ్చిన నల్లకోటు ఎండకి ఎండి, దుమ్ముకి దుమ్మై అడవిదున్న రంగుకి దిగింది. ఇంత ఎండలోనూ దాన్ని విప్పడు. కోటు లేకపోతే తనని చూసి బోధకుడని ఎవరూ అనుకోరని అతని అనుమానం. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. సైకిలు నెట్టడం వల్లేననుకున్నాడు.

పీఠభూమి మీది ఊరు అతనిది. కుర్రతనంలో మిషను ఇటుకబట్టీలో పనికి చేరి, గోడలు కట్టడం పూర్తయ్యాక, మంచి గొంతు ఉందని పాటలు పాడటానికి మిగిలి, తర్వాత ఈ లోయలోకి బోధకుడిగా వచ్చాడు. పాస్టరు కాలేదు. ఎవరూ అవ్వమనలేదు, అతనూ అడగలేదు. పెళ్ళాం జ్వరంతో పోయింది. మిషను వర్క్‌షాపు వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. అతని ప్రసంగాలకి జనం కునికిపాట్లు పడతారని అతనికీ తెలుసు. కానీ దారిలో మాత్రం ఎవరో తనతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. దేవుడు మాట్లాడేది దారిలోనే, గుడిలో తను చేసేది ఆ కబురు అప్పజెప్పడమేనని అతను నమ్ముతాడు. మొదటిసారి ఏనుగుల గుంపు ఎదురైనప్పుడు పుట్ట చాటున నక్కి, నోట ప్రార్థన రాక, టోపీ తీసి నిలబడ్డాడు. పెద్ద ఆడ ఏనుగు అతన్ని చూసింది, చూసి కూడా చెవులు విదిలించుకుని పిల్లను ముందుకు తోసుకుంటూ పోయింది. కృప అంటే అతనికి అర్థమైంది ఆ రోజే. నలిపెయ్యగలిగింది నలపకుండా పక్కనుంచి పోవడం.

దారిలో అడవి గార్డుల క్యాంపు ఉంది. అక్కడ ఆగి వాళ్ళకి వాక్యం చెప్పి పోవడం రివాజు. సార్జెంటు కపాంబ్వె టీ ఇచ్చాడు, కూర్చోడానికి సొంత పెట్టె వేశాడు. తుపాకులు పక్కన పెట్టి గార్డులంతా చుట్టూ చేరారు. లోయ మొత్తంలో దవుసెని మాటలు ఆవలించకుండా వినేది వీళ్ళే. అందుకే ఈ క్యాంపంటే అతనికి కొంచెం గర్వం.

“దారిలో ఏం చూశారో చెప్పండి అయ్యగారూ,” అన్నాడు సార్జెంటు. “నరకం సంగతి మా ఆఫీసరు రోజూ చెప్తూనే ఉంటాడు.”

గార్డులు నవ్వారు. దవుసెని ఆ ఉదయం చూసిన దుమ్ములగొండి గురించి చెప్పాడు. నోట ఎముక కరుచుకుని, తోక ముడుచుకుని, దొంగలా వెనక్కి చూస్తూ పోయిందని, మనం దాచుకున్న పాపం కూడా అలాగే మనల్ని మాటిమాటికీ వెనక్కి చూసేలా చేస్తుందని. సార్జెంటు తలూపుతూ విన్నాడు. అది ఏ వాగులో కనిపించిందని మెల్లిగా అడిగాడు. చింతలవాగులో, పైగట్టున, అన్నాడు దవుసెని. సార్జెంటు పక్కనున్న గార్డు వైపు చూశాడు. ఆ చూపు దవుసెని గమనించాడు. వాక్యం గుండెకి తగిలిందనుకున్నాడు.

కతెంగా దగ్గరపడ్డాక, గట్టి నేల వచ్చినా సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూనే పోయాడు. ఎండాకాలం మొదట్లో ఆ ఊరివాడైన చిసాలెని గార్డులు పట్టుకుపోయారు. ఈ ఏడు ఏనుగులు చేలన్నీ తొక్కి తినేశాయి. చిసాలె ఒక ఏనుగుని కొట్టాడు, మాంసం ఊరంతా పంచాడు, దంతాలు అక్కడే పొదలో పాతిపెట్టాడు. గార్డులు వెతుక్కుంటూ రాలేదు, తిన్నగా ఆ పొద దగ్గరికే వచ్చారు. ఎవరో చెప్పారు. అది దవుసెని కతెంగాకి వచ్చిపోయిన వారమే జరిగింది కాబట్టి, చెప్పింది బోధకుడేనని ఊరు తీర్మానించుకుంది. తను చెప్పలేదని దవుసెనికి తెలుసు. మరెవరు చెప్పి ఉంటారన్నదీ తనకి తెలుసుననుకున్నాడు. సంఘపెద్ద జకెయో. ఎండుచేపలు అమ్ముకోడానికి క్యాంపుకి వెళ్ళేది అతనొక్కడే. ఊరంతా ఆకలితో ఉన్న ఈ ఏడే, అతని ఇంటిమీదికి గడ్డి పోయి రేకులొచ్చాయి. దవుసెని, మిషను పాస్టరు చెవిన ఒక మాట వేసి, బల్ల సంస్కారంలో రొట్టె పళ్ళెం పట్టుకునే పని నుంచి జకెయోని తప్పించాడు. జకెయో కారణం అడగలేదు. అడగకపోవడం చూసి దవుసెని అనుమానం ఇంకా గట్టిపడింది.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే రోకళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఒకామె పిల్లల్ని లోపలికి పిలుచుకుంది. కూర్చోమన్నవాళ్ళు లేరు, మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు. దవుసెని సైకిలుని గుడి గోడకి కాకుండా, లోపలినుంచి కనిపించేలా గుమ్మానికెదురుగా ఉన్న చెట్టుకి ఆనించాడు. లోపల జకెయో చీపురుతో మట్టిబల్లలు తుడుస్తున్నాడు. పొట్టివాడు, గుండ్రటి తల, ఎప్పుడూ తడిగా ఉండే కళ్ళు. ఆ కళ్ళు కూడా దవుసెనికి ఈమధ్య నటనలాగే కనిపిస్తున్నాయి.

గంట కొడితే ఇద్దరు ముసలమ్మలు వచ్చారు. కొంతసేపటికి, ఎన్నడూ రాని మగవాళ్ళు కొందరొచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు. చివర్న చిసాలె భార్య మలిటా వచ్చింది. మొగుడు జైలుకి పోయాక ఆమె గుడి మొహం చూడలేదు. ఈవేళ ఎందుకొచ్చిందో, ఆ మగవాళ్ళు ఎవరికోసం కాచుకున్నారో దవుసెనికి అర్థం కాలేదు. పాట ఎత్తుకున్నాడు.

ప్రసంగం మామూలుగానే మొదలుపెట్టాడు. ఈ ఉదయం నదిగట్టు దగ్గర ఎర్రటి చిన్న పిట్టలు గుంపుగా వాలాయని...

“ఎక్కడ వాలాయో మాకు చెప్పకండి అయ్యగారూ,” అంది మలిటా కూర్చున్నచోటి నుంచే. గొంతు పెంచలేదు. “చెప్పాల్సిన చోట చెప్పే వచ్చి ఉంటారుగా. మా ఆయనప్పుడు రాబందుల గురించి చెప్పినట్టు.”

ఏ రాబందులని దవుసెని అడగబోయి ఆగిపోయాడు. గుర్తొచ్చింది. ఎండాకాలం మొదట్లో ఇక్కణ్ణుంచి తిరిగి వెళ్తూ, చిసాలె ఏనుగుని కొట్టిన ఆ పొదల మీద రాబందులు గుండ్రంగా తిరుగుతుంటే చూశాడు. అంత అసహ్యమైన పక్షుల్ని కూడా దేవుడు పస్తుపెట్టడని క్యాంపులో ప్రసంగం చేశాడు. బ్రహ్మాండంగా కుదిరిన ప్రసంగం. ఏ పొద, దారికి ఎటుపక్క, ఎన్ని పక్షులు అని సార్జెంటు అడిగితే, జీవితంలో మొదటిసారి తన మాటని ఇంత శ్రద్ధగా విన్న మనిషి దొరికాడని పొంగిపోయి అన్నీ చెప్పాడు. “క్యాంపు వంటవాడే సంతలో నాకు చెప్పాడు,” అంది మలిటా. ఈ పొద్దుటి చూపు కూడా దవుసెనికి గుర్తొచ్చింది. పక్కనున్న గార్డు వైపు సార్జెంటు చూసిన చూపు.

అతను తల వంచుకున్నాడు. ముసలమ్మల్లో ఒకావిడ ప్రార్థన అనుకుని కళ్ళు మూసుకుంది.

“చెప్పింది నేనే,” అన్నాడు చివరికి. “తెలిసి చెప్పలేదు. తెలియక చెప్పానని వదిలెయ్యమని అడగను. ఇవాళ పొద్దున కూడా చెప్పాను. చింతలవాగులో, పైగట్టున, దుమ్ములగొండి నోట ఎముక చూశానని.”

గుమ్మం దగ్గరి మగవాళ్ళలో ఒకడు వెనక్కి అడుగేసి, వాగు వైపు వెళ్ళిపోయాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు. తను ఇప్పుడు ఎవరి పక్షాన మాట్లాడాడో, చేసింది మంచో చెడో దవుసెనికి తెలియలేదు. ఏనుగులూ గుర్తొచ్చాయి, తొక్కేసిన చేలూ గుర్తొచ్చాయి. ఆశీర్వాదం చెప్పడం మర్చిపోయి కిందికి దిగాడు.

అందరూ వెళ్ళాక జకెయో దగ్గరికి వెళ్ళి, నిన్ను అనుమానించాను, పళ్ళెం పని తీయించింది నేనేనని చెప్పాడు. జకెయో చీపురు మూలన పెట్టాడు.

“తెలుసు. రేకులు ఎక్కడివని ఒక్కమాట అడిగితే చెప్పేవాణ్ణి. పాత బడి కూల్చినప్పుడు మా బావమరిది తెచ్చి ఇచ్చినవి. మీరు అడగలేదు.”

“నువ్వైనా చెప్పలేదేం?”

“అడక్కుండా చెబితే ఇంకా అనుమానిస్తారని.”

మలిటా తన పెరట్లో మొక్కజొన్నలు దంచుతోంది. దవుసెని దడికి ఇవతలే నిలబడ్డాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. మా ఆయన్ని తెచ్చివ్వగలరా అని అడిగింది. లేనన్నాడు. మరేం చేస్తారంది. ఇకమీదట క్యాంపులో నోరు విప్పనన్నాడు.

“నోరు విప్పకపోతే మీకు తిండెట్లా? మాటలేగా మీ పని,” అంది. అందులో ఎగతాళి ఉందో జాలి ఉందో పోల్చుకోలేకపోయాడు.

అతను సైకిలు తిప్పుకుంటుంటే ఆమె లోపలికి వెళ్ళి ఒక సొరకాయ బుర్ర తెచ్చింది. పులిసిన మొక్కజొన్న అంబలి. మూతికి మొక్కజొన్న బెండు బిరడాగా పెట్టింది. “ఎండ మండిపోతోంది. బుర్ర మాత్రం మళ్ళీ తెచ్చివ్వండి,” అని అతని చేతికిచ్చి, మొహం చూడకుండా రోకలి దగ్గరికి వెళ్ళిపోయింది.

దవుసెని బుర్రని సైకిలు పిడికి కట్టుకున్నాడు. ఊరు దాటి చాలా దూరం వచ్చినా దానివైపు చూస్తూనే ఉన్నాడు. మొగుణ్ణి జైలుకి పంపిన మనిషికి ఎవరైనా అంబలి ఎందుకిస్తారు? మొహం ఎందుకు చూడలేదు? కోపమున్న ఇంట్లో విషం కలిపింది తాగి మర్నాటికి లేవని మనిషి కథ ఈ లోయలో ఊరికొకటి ఉంది. అతను గుడిలో అవన్నీ అబద్ధాలని చెప్పేవాడు. చెప్పి, తెలియని ఇంట్లో తినాల్సొస్తే ఇంటివాళ్ళు ఒక ముద్ద తిన్నదాకా ఆగేవాడు. ఇన్నేళ్ళ పరిచర్యలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఎండకి ఇసుక కాలిపోతోంది. నొప్పి భుజం నుంచి చేతిలోకి దిగింది. కాళ్ళు ఇక నడవలేమన్నాయి. నదిగట్టున నీడ చూసుకుని చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిట్టనిలువు గట్టంతా బొరియలు. ఎర్రపిట్టలు వాటిలోంచి నిప్పురవ్వల్లా వస్తూ పోతూ ఉన్నాయి. ఎవరికి చెప్పాలన్న ఆలోచన లేకుండా వాటిని చూడటం అతనికి చాలాకాలం తర్వాత ఇదే. చూశాడు. వాటికి పోలికేమీ వెతకలేదు. అవి పిట్టలు, అంతే. అదే చాలనిపించింది.

నాలుక పిడచకట్టుకుపోయింది. బుర్రని ఒళ్ళో పెట్టుకుని బిరడా తీశాడు. వాసన చూశాడు. మళ్ళీ మూసి, మళ్ళీ తీశాడు. దారిలో ఏనుగుని నమ్మాడు గానీ మలిటా చేతి అంబలిని నమ్మలేకపోతున్నాడే అని సిగ్గేసింది. కళ్ళు మూసుకోకుండా, ప్రార్థన చెయ్యకుండా ఎత్తి తాగాడు. పులుపు, పొయ్యి పొగ వాసన, వాటి వెనక సన్నగా తీపి తగిలాయి. తేనె కలిపింది. తిండి గింజకే కటకటలాడే ఇంట్లో, ఎక్కడ దాచుకుందో, తేనె కలిపింది. అతను బుర్రకి మళ్ళీ బిరడా పెట్టి, పక్కన చెట్టువేర్ల మధ్య ఒరిగిపోకుండా పెట్టి, కోటు విప్పి మడిచి, తల కింద పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

పొద్దు వాలకముందే జకెయో వచ్చాడు. అయ్యగారి నడక బాగాలేదని, వెనకే బయలుదేరాడు. నిద్రపోతున్నాడనుకుని పక్కన కూర్చుని లేచేదాకా ఆగుదామనుకున్నాడు. చీమలు మొహం మీదికి పాకినా అతను విదిలించుకోకపోవడం చూశాకే చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లబడింది. జకెయో టోపీ తీసి, కొంచెంసేపు అలాగే కూర్చుని, ఊళ్ళోకి వెళ్ళి మనుషుల్ని పిలుచుకొచ్చాడు.

వచ్చినవాళ్ళు ముందు దవుసెని మొహం చూశారు, తర్వాత బుర్ర చూశారు. అది ఎవరింటిదో అందరికీ తెలుసు.  మెల్లిగా ఒక్కొక్కరి చూపూ తిరిగి, అందరికన్నా వెనక నిలబడ్డ మలిటా మీద ఆగింది. ఆమె రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పొద్దున అతనిమీద ఉన్న చూపే అది. మనిషి మారింది, చూపు మారలేదు.

జకెయో వంగి బుర్ర అందుకున్నాడు. ఊపి చూశాడు. సగం ఇంకా ఉంది. అందరూ చూస్తుండగా బిరడా తీసి, తల వెనక్కి వాల్చి, ఆఖరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకున్నాడు.

“తేనె వేసింది,” అన్నాడు. “ఇక మనిషిని ఎత్తండి. చీకటి పడితే ఏనుగులొస్తాయి.”

నలుగురూ కలిసి దవుసెనిని ఎత్తుకున్నారు. ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ జకెయో ఇంటి వైపు నుంచి చూపు తిప్పుకోలేదు. తెల్లారేసరికి అతను ఎప్పటిలాగే లేచి గుడి తుడవడానికి పోతుంటే, రోకళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.

మలిటా పెరటి దడి మీద, కడిగి బోర్లించిన సొరకాయ బుర్ర ఎండకి ఆరుతోంది. మూతి దగ్గర ఒక తేనెటీగ వాలి, లేచి, మళ్ళీ వాలుతోంది.