వంతు వచ్చేదాకా

నీళ్ళ కుళాయి దగ్గర వంతు ఉంటుంది, డాక్టరు గది ముందు వంతు ఉంటుంది. కడుపుతో ఉండడానికి వంతేమిటి చోద్యం కాకపోతే, అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆ కుట్టుపని షెడ్డులో మాత్రం ఉండేది. యజమాని పెట్టింది కాదు, ఆయన్ని ఊరికే ఆడిపోసుకోకూడదు. ఆడవాళ్ళే టీ తాగుతూ కూర్చుని పెట్టుకున్నారు.

అక్కడ కుట్టేది పసిపిల్లల చొక్కాలు. మిషన్లు వరసగా ఆరు. ఒకామె భుజాలు కలిపితే పక్కామె చేతులు అతికిస్తుంది, ఆ పక్కామె మెడపట్టీ వేస్తుంది, అలా చివరికొచ్చేసరికి గుండీలు. ఎవరి పనే వాళ్ళ పేరు. మనం చెప్పుకుంటున్నది మెడలమ్మ సంగతి. అరచేతిలో పట్టేంత చొక్కాకి ముడత పడకుండా గుండ్రంగా మెడ తిప్పడం ఆమెకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. వరసలో ఒక్క కుర్చీ ఖాళీ అయిందంటే అవతలి కుర్చీలన్నీ చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే. కొత్తవాళ్ళని పెట్టుకుందామంటే దొరకరు. ఇరవై ఏళ్ళ కిందట పుట్టని ఆడపిల్ల ఇవాళ పనికి ఎక్కణ్ణుంచి వస్తుంది? గేటుకి తగిలించిన 'పనివాళ్ళు కావలెను' బోర్డు ఎండకి వెలిసిపోయిందే తప్ప, దాన్ని చదివి లోపలికొచ్చిన మనిషి లేదు.

ఒకప్పుడు ఇద్దరు ఒకేసారి పురిటి సెలవు పెట్టారు. సరుకు ఆలస్యమైంది, పెద్ద ఆర్డరు ఇంకో షెడ్డుకి పోయింది. ఆ ఏడాదంతా అందరూ సగం జీతంతో ఈడ్చుకొచ్చారు. అప్పట్నుంచీ వంతు. పెళ్ళయిన వరసలో ఒకరి తర్వాత ఒకరు. ఒకామె కని, తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాకే ఇంకొకామె కడుపుతో ఇంటికెళ్ళాలి.

గోడ మీది టీవీలో ఒక పెద్దమనిషి వచ్చి, దేశానికి పిల్లలు కావాలి, లేకపోతే రేపు పనిచేసేదెవరు, పన్నులు కట్టేదెవరు, ముసలివాళ్ళని చూసేదెవరు అని గంభీరంగా అడుగుతుండేవాడు. లైనుని చూసుకునే పెద్దక్క టీ గ్లాసు కింద పెట్టి, "మా వంతు ఇంకా రాలేదని ఎవరైనా చెప్పండే ఆయనకి," అనేది. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. మెడలమ్మ కూడా నవ్వేది.

ఇప్పుడు వంతు గుండీల పిల్లది. ఏడో నెల. పొట్ట అడ్డం వస్తోందని కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు బారజాపి కుడుతోంది. దాని తర్వాత మెడలమ్మ. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. "వంతేమిటే నీ మొహం, మేమెవర్నడిగి కన్నాం?" అని అత్తగారు సణుగుతూనే ఉంటుంది. అలా అడక్కుండా ఆవిడ కన్నదీ ఒక్కణ్ణే. ఆ ఒక్కడూ లిఫ్టులు బాగుచేస్తాడు. మెడలమ్మ కూడా వాళ్ళింట్లో ఒక్కతే కూతురు. అత్తగారు, మంచం దిగలేని మామగారు, ఆమె కన్నతండ్రి, ముగ్గురి తిండీ మందులూ రెండు జీతాల మీద నడుస్తున్నాయి. అందులో ఒకటి ఆగితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ఆమెకి తీరిక లేదు.

అలాంటిది, వంతు రాకముందే నెల తప్పింది.

ఆమె వేళ్ళ మీద లెక్క చూసుకుంది. గుండీల పిల్ల సెలవు అయ్యేలోపే తన సెలవు మొదలవుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడేది ఒక్క నెల. ఒక్క నెలే. చలికాలం సరుకు వెళ్ళాల్సింది సరిగ్గా ఆ నెల్లోనే.

చేతులు కడుక్కునే చోట పెద్దక్కకి చెప్పింది. పెద్దక్క కుళాయి కట్టేసింది.

"ఎన్నో నెల?"

"రెండు దాటలేదక్కా."

"ఇంట్లో చెప్పావా?"

"ఆయనకే చెప్పాను. నీ ఇష్టం అన్నాడు."

పెద్దక్క చేతులు తుడుచుకున్నాక కూడా తువ్వాలు వదల్లేదు. "నేను మాత్రం ఏం చెప్పనే. నీ ఇష్టం. సరుకు వెళ్ళాల్సిన నెల అదని నీకూ తెలుసు."

సాయంత్రానికి అందరి చెవినా పడింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచి మాట కూడా అనలేదు. చేతులు అతికించే ఆమె రోజూ పక్కనుంచి ఏదో ఒకటి వాగుతూనే ఉండేది, ఆ రోజు చొక్కాలు అందించడానికి తప్ప ఇటు తిరగలేదు. గుండీల పిల్ల మాత్రం బట్టలు మార్చుకునే గదిలో దగ్గరకొచ్చి, "అక్కా, నేను తొందరగా వచ్చేస్తాలే. పురుడయ్యాక వెంటనే..." అని నీళ్ళు నమిలింది. దాని పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు.

"నువ్వేం చేస్తావే. ఊరుకో," అంది మెడలమ్మ.

నీ ఇష్టం అనని వాళ్ళు లేరు. ఆ ఇష్టమేమిటని అడిగినవాళ్ళూ లేరు. అడిగితే చెప్పేది. ఆమెకి ఆ బిడ్డ కావాలి. ఆడపిల్లైనా సరే, మగపిల్లాడైనా సరే, రాత్రంతా ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేదైనా సరే, కావాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాట తనలో తానే అనుకుంది. ఇంటికెళ్ళి మామగారికి పక్క మార్చింది.

శనివారం క్లినిక్‌కి వెళ్ళింది. భర్త పనిముట్ల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. బయటికొచ్చాక, "నొప్పిగా ఉందా?" అన్నాడు. "లేదు," అంది. నిజంగానే ఏమీ లేదు. నొప్పి లేదు, ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన చెయ్యిలా ఒళ్ళంతా ఎవరిదో అన్నట్టుంది.

అత్తగారికి పన్ను తీయించుకున్నానని చెప్పింది.

"ఏ పక్కదే?"

"ఎడమ పక్కది, అత్తయ్యా."

ఆవిడ పాపం రెండు రోజులు అన్నం మెత్తగా మెదిపి పెట్టింది. ఎడమ పక్క నమలకే అని పూటపూటా గుర్తు చేసింది. సోమవారం మెడలమ్మ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. టీ అందరికంటే ముందు ఆమెకే వచ్చింది. చేతులు అతికించే ఆమె మళ్ళీ వాగడం మొదలుపెట్టింది.

గుండీల పిల్ల ఇంకా సెలవు పెట్టనే లేదు, ఒక మధ్యాహ్నం యజమాని వచ్చి మిషన్లు ఆపించాడు. నుదురు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"చలికాలం ఆర్డరు రద్దు చేసుకున్నారమ్మా. ఇకమీదటా ఇవ్వరట. పిల్లలే లేకపోతే పిల్లల చొక్కాలు ఎవరికమ్ముకోవాలి అంటున్నారు. వాళ్ళ కొట్లే ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి."

"పని పోతుందని భయపడకండి. ఆస్పత్రి గౌన్లు అడిగారు, మంచాన ఉండే పెద్దవాళ్ళవి. ఎన్ని కుట్టినా చాలవట. అంత సన్నపు పని కూడా కాదు. ఎవరి గౌను వాళ్ళే మొదట్నుంచి చివరిదాకా కుట్టేయొచ్చు. ఒకళ్ళు రాకపోయినా ఇంకొకళ్ళ పని ఆగదు."

ఆయన వెళ్ళాక పెద్దక్క అందుకుంది. "అయితే ఇక వంతుల్లేవన్నమాట." ఎప్పట్లా నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ మెడలమ్మ వైపు తిరగబోయి, కింద పడని కత్తెర కోసం వంగి వెతికింది.

ఆ సాయంత్రమే నమూనా గౌను వచ్చింది. మెడలమ్మ మెడపట్టీ తిప్పుతూ వెళ్ళి అలవాటైన చోట ఆగింది. చూస్తే సగం కూడా కాలేదు. ఇంకా బోలెడు మెడ ఉంది. మళ్ళీ పాదం నొక్కి మిగతాది కుట్టింది.

ఇంటికొచ్చి అత్తగారికి అంతా చెప్పింది. ఆవిడ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ వింది.

"పోనీలే. పనికి పనీ ఉంది, ఆ వంతుల పీడా వదిలింది. ఇంకెవరే నీకు అడ్డం? హాయిగా కను. నాకు కాలూ చెయ్యీ ఆడుతుండగానే పెంచిపెడతాను."

"సరే అత్తయ్యా."

"అన్నట్టు, నీ పన్ను తీసిన చోట బాగా మానిందా? ఏదీ, వాపేమైనా ఉందా?"

మెడలమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "ఇదిగో, ఇక్కడ. ఇప్పుడేం లేదు."

గరిటె ఆగింది. "ఆ రోజు ఎడమ పక్క అన్నావు."

మెడలమ్మ చెయ్యి తీసి చూసుకుంది. కుడి చెయ్యి. కుడి చెంప. ఏదో ఒకటి చెప్పొచ్చు, డాక్టరు రెండూ తీశాడనొచ్చు. ఆ చెయ్యి కొంగులో దాచుకుంది.

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పొట్ట వైపు చూసింది. ఆవిడకి అర్థమైంది. మంట ఆపేసింది.

"ఆ శనివారమేనా?"

మెడలమ్మ తలూపింది.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కోడలి భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. కంచంలో అన్నం పెట్టుకొచ్చి, ఏ పక్కా నమలక్కర్లేనంత మెత్తగా మెదుపుతూ కూర్చుంది.