పాల గడికి కట్టని గంట

శాంతిపురంలో ఎనిమిది వందల లీటర్ల పాలు ఇరగ్గొట్టింది మీరే. మదనపల్లె ఆఫీసులో ఫ్యాను కింద కూర్చొని, కంప్యూటర్లో ఫిర్యాదు ఫారానికి గడి పక్కన గడి చేర్చి, ఏది నింపితే ఏం జరుగుతాదో ఎవరికీ చెప్పని మీరే. చేసిందంతా చేసి నేరం మునిలక్ష్మి నెత్తిన పెట్టినారు.

మునిలక్ష్మి పని కుప్పంలో. పాలు చల్లబరిచే ట్యాంకు చుట్టుపక్కల ఏ ఊర్లో చెడిపోయినా ఫోను ఆమెకే వస్తాది. ఆ ఫిర్యాదును ఆమె కంప్యూటర్లో ఎక్కిస్తే, పుంగనూరులో ఉండే మెకానిక్ చేతన్ ఫోనుకు పోతాది. అర్జెంటయితే ఆ ఫోను గంట కొట్టాలి. పోయిన మంగళవారం పొద్దున్నే శాంతిపురం నుంచి, అక్కడి ట్యాంకు చూసుకునే పాపక్క ఫోను చేసింది. ట్యాంకు నిండా పాలు, మోటారు తిరగడం లేదు. ఆరూ పదికి ఎక్కించేసింది మునిలక్ష్మి. చేతన్ రాలేదు. మధ్యాహ్నానికి పాలు ఇరిగిపోయినాయి. పాలు పోసిన ఆడోళ్లంతా ట్యాంకు ముందర నిలబడి మునిలక్ష్మినే తిట్టినారు. మర్నాడు మేనేజరు ఉషారాణి నుంచి కబురు: అర్జెంటని పెట్టలేదు, శుక్రవారం మదనపల్లెకు రా, నీ ఉద్యోగం సంగతి తేలుద్దాం.

శుక్రవారం బస్సు పలమనేరు దాటినా, ఒళ్లో పెట్టుకున్న ఇడ్లీ పొట్లం ఆమె విప్పలేదు. పుంగనూరులో చేతన్ ఎక్కినాడు. అతన్నీ పిలిపించినారు.

"ఏమప్పా, పాలన్నీ మోరీలో పోయించి తీరిగ్గా వస్తాండావే?"

"నా ఫోను మోగలేదక్కా. నువ్వు మామూలని పెడితివి. మామూలంటే రెండు దినాలు టైము. నేను నిమ్మనపల్లె పనికి పోతి."

"నేను యాడ పెడితినప్పా మామూలని? పాలు ఉండాయా అని అడిగే గడిలో ఉండాయని పెడితి గదా, పాలుంటే అర్జెంటే."

"అట్లాంటి గడి యాడుండాదక్కా? ఇదో, నా ఫోను సూడు."

చూసింది. ఊరు, తేదీ, పని ఎంతవరకు వచ్చింది, ఎంత అర్జెంటు. ఆ చివరి దాంట్లో 'మామూలు' అని దానంతటదే పడి ఉండాది. పాల గడి లేనే లేదు. తన ఫోనులో అదే ఫిర్యాదు తెరిచింది. అట్టడుగున ఉంది: పాలు ఉండాయా? ఉండాయి.

చేతన్ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకొని చూసినాడు. "ఇది సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది కాదక్కా. మీ కుప్పానికని మనోళ్లు చేర్చింది. దాంతోపాటు వచ్చినవి అందరికీ కనపడతాయి. చేర్చినవి ఎవురికి చూపించమంటే వాళ్లకే."

"మరి గంట దేనికి కట్టినారు?"

"వచ్చినదానికే. 'ఎంత అర్జెంటు'కి."

అప్పుడు గుర్తొచ్చింది. ట్రైనింగులో ఉషారాణే చెప్పింది: సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన గడులు ముట్టుకోవద్దు, చెడిపోతాయి, మనం పెట్టిన గడి నింపండి చాలు. ఎవరికీ వింతగా అనిపించలేదు. కొత్త ఫ్రిజ్జు మీది ప్లాస్టిక్ కాగితం మూడేళ్లయినా చించని ఇళ్లు మనవి. ఆ మాట తారీఖుతో సహా మునిలక్ష్మి నోటుబుక్కులో ఉంది.

ఇడ్లీ పొట్లం విప్పింది. చేతన్‌కు రెండు పెట్టి తను నాలుగు తినింది.

ఆఫీసులో ఉషారాణి అప్పటికే ఉద్యోగం తీసేసే కాగితం టైపు చేయించి పెట్టుకొని ఉంది. మునిలక్ష్మి కూర్చోలేదు. "ఎవురు ఎప్పుడు ఏం నింపినారో చూపించే పేజీ ఉండాది గదా మేడమ్, అది తీయండి" అనింది. తీసినారు. మంగళవారం, ఆరూ పది, పాలు ఉండాయి, మునిలక్ష్మి. పక్కన నోటుబుక్కు తెరిచి పెట్టింది.

ఉషారాణి రెండుసార్లు చదువుకునింది. "ఈ గడికి గంట కట్టమని చెప్పినాననుకున్నానే."

"ఎవురికి చెప్పినారు మేడమ్?"

ఉషారాణి నోటుబుక్కును మునిలక్ష్మి వైపు జరిపింది. టైపు చేయించిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసింది. "నీ పని నీకే ఉండాది. పో మునిలక్ష్మీ, కుప్పానికి పో."

మునిలక్ష్మి నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకునింది. అప్పుడు కూర్చునింది.

"టీ చెప్పండి మేడమ్" అన్నాడు చేతన్. "మా అక్క మంగళవారం నుంచి కడుపు నిండా తినలేదు. బస్సులో నాలుగిడ్లీలు, అంతే."

ఉషారాణి కూడా నవ్వేసింది. మునిలక్ష్మి నవ్వుతానే ఫోను తీసి టేబులు మీద పెట్టింది.

"టీ తర్వాత. ముందు ఆ గంట పాల గడికి కట్టించండి. వచ్చిన గడులకొక రంగు, మీరు చేర్చినవాటికొక రంగు వేయించండి, ఏది ఏదో మాకు తెలియాల. ఇదో, పాపక్కకు ఫోను కలుపుతాండాను. తప్పు ఆఫీసుదేనని మీ నోటితో చెప్పండి మేడమ్. ఈడనే, ఇప్పుడే."