చప్పుడు మూటగట్టే ఎల్లవ్వ

సూరత్ పాండేసరలో ఆ గల్లీ అంతా అరుచుకుంటూనే నిద్రలేస్తుంది. అది కోపం కాదు. గోడకవతలే బట్టనేసే సాంచెలు, అదే మరమగ్గాలు, ఆడుతుంటాయి. ఛాయ్ కావాలన్నా, సబ్బు ఎక్కడుందన్నా గొంతు చించుకోవాల్సిందే. హారతి ఆ మోతలోనే పుట్టింది, ఆ మోతలోనే మాటలు నేర్చింది. మెల్లగా మాట్లాడటం మాత్రం రాలేదు.

ఆమె నాయనమ్మ ఎల్లవ్వ చప్పుణ్ని కొంగున కట్టేది. ఎవరింట్లో పసిబిడ్డకు జ్వరమొచ్చినా, పిల్లలకు పరీక్షలున్నా ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. గుమ్మంలో కూర్చుని కొంగు చివర ముడి వేస్తే, చుట్టుపక్కల చప్పుడంతా వచ్చి అందులో చేరేది. ముడి వంకాయంత అయ్యాక రైలు పట్టాల దాకా నడిచి, గూడ్సుబండి పోతున్నప్పుడు విప్పేసి వచ్చేది. ముసలామె ఎండన పడి పోతోందే అని తప్ప ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

ఆ ఎండాకాలం ఒక కాలేజీ హాల్లో టీవీ లైవ్ ప్రోగ్రాములు చెయ్యడం నేర్పే క్యాంపు పెట్టారు. నేర్పే సంధ్యారాణి విశాఖపట్నం మనిషి. హైదరాబాదులో ఏళ్ల తరబడి లైవ్ షోలు నడిపి, భర్త ఉద్యోగం సూరత్ పక్కనున్న హజీరాకు మారితే ఇటొచ్చి, ఇక్కడి కేబుల్ ఛానెల్లో తెలుగు కార్యక్రమం నడుపుతోంది. కెమెరాలు చేతికిచ్చి, వైర్లు చుట్టించి, తప్పులు చెయ్యనిచ్చి మరీ నేర్పేది.

హారతికి డైరెక్టర్ కుర్చీ మీద మనసు పడింది. ఎదురుగా మూడు కెమెరాల బొమ్మలుంటాయి. ఏది ఎప్పుడు జనానికి చూపించాలో చెప్పేది ఆ కుర్చీలోని మనిషే. ఎవరు నోరు విప్పబోతున్నారో హారతి ముందే పసిగట్టేది. కానీ ఆమె "రెండో కెమెరా, రెడీ!" అనగానే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. తెరమీద బొమ్మ ఊగిపోయేది.

"చెవిలో చెప్తున్నావమ్మా హారతీ, రోడ్డవతలి వాళ్లకి కాదు," అంది సంధ్యారాణి.

"మెల్లగనే అన్న గద మేడం!" అంది హారతి, హాలంతా మోగేలా.

అందరూ నవ్వారు. హారతి కూడా నవ్వింది. తర్వాత బయట వరండాలో వైర్లు చుడుతూ, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

ఇంట్లో తండ్రి అంబదాస్ అప్పటికే నిర్ణయం చేసేశాడు. సాంచెల దగ్గర పనిచేసి చేసి ఆయనకు సగం చెవుడు. "క్యాంపు అయిపోంగనే చీరలకు రాళ్లంటించే పనిల చేరు. సోమవారం రమ్మన్నరు," అన్నాడు. ఆ మాట గల్లీ చివరిదాకా వినపడింది.

క్యాంపు ముగింపుకు పిల్లలే ఆ కేబుల్ ఛానెల్‌కు ఒక లైవ్ షో చెయ్యాలి. అంబదాస్ పనిచేసే కార్ఖానాలోనే అనుకున్నారు. సేఠ్ ఒప్పుకున్నాడు గానీ సాంచెలు ఆపేది లేదన్నాడు. మైకులు చూసుకునేవాళ్లు తలలు పట్టుకున్నారు.

"మా నాయినమ్మను తోలుకస్త మేడం," అంది హారతి.

"ఆవిడకి కుర్చీ వేయించనా, చాప చాలా?" అని అడిగింది సంధ్యారాణి.

ఆ రోజు ఎల్లవ్వ తలుపు దగ్గర చాపమీద కూర్చుని ముడి వేసింది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. సాంచెలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి, నీళ్లలో చేపలు తిరిగినట్టు.

షో మొదలైంది. ఒక్కొక్కరూ వంతులవారీగా డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నారు. హారతి వంతు చివర్న వచ్చింది. సరిగ్గా అప్పుడే అంబదాస్‌తో మాటలు. అడిగేది క్యాంపులోనే నేర్చుకుంటున్న హజీరా ఇంజనీరు గారమ్మాయి కోమలి.

"రెడీ," అంది హారతి. అని, తెల్లబోయింది. తన గొంతు ఇట్లా ఉంటుందా! ఇన్నేళ్లలో దాన్ని ఒంటరిగా వినడం ఇదే మొదలు. చాలా చిన్న గొంతు. దాన్ని బెదరగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నా పేరు అంబదాస్!" అని తండ్రి అలవాటుకొద్దీ అరిచాడు. ఆ అరుపు రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చింది. ఆయన అదిరిపడి గొంతు తడుముకున్నాడు.

"అంకుల్, మీ అమ్మాయి ఏం చెయ్యాలని మీ కోరిక?" అని దగ్గరగా వంగి అడిగింది కోమలి.

అంబదాస్ నోరు తెరిచాడు, మూశాడు. కోమలి ఇంకో ప్రశ్నకు పోబోయింది.

"ఆగు కోమలీ, ఏం అడగకు," అంది హారతి హెడ్‌ఫోన్ మైకులో మెల్లగా. "బాపు ఇంక చెప్తడు. రెండో కెమెరా, జర దగ్గరికి పో... ఇంకొంచెం... గంతే. గట్లనే ఉండు."

తెరనిండా తండ్రి మొఖం. సూరత్‌లో ఆ ఛానెల్ పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఆ నిశ్శబ్దమే.

"మొత్తుకోవుడు లేని పని చెయ్యాలె," అన్నాడు అంబదాస్ చివరికి. "ఇంటికి పోయినంక గుడ నేను మొత్తుకుంటనే ఉంట. నా బిడ్డను మెల్లగ పిలిచిన యాదే లేదు." ఆగి, ఎవరినీ చూడకుండా, నోట్లో పెట్టుకుని చూసినట్టు "హారతీ" అన్నాడు.

హారతి కళ్లు మసకబారాయి. అయినా బొమ్మ మార్చలేదు. ఆయన తల దించుకునేదాకా ఉంచి, అప్పుడు "ఒకటో కెమెరా" అంది.

షో అయ్యాక సంధ్యారాణి హెడ్‌ఫోన్లు తీసి, "సోమవారం ఛానెల్‌కి వచ్చెయ్. నాకు అసిస్టెంటు కావాలి," అంది.

"మళ్ల మొత్తుకుంటనేమో మేడం."

"నీ గొంతు నీకు తెలిసిపోయింది కదమ్మా."

ఎల్లవ్వ లేచింది. గుమ్మడికాయంత ముడిని రెండు చేతులా ఒడిలో పట్టుకుని రైలు పట్టాల వైపు బయల్దేరింది. ఆమె గడప దాటగానే సాంచెల మోత కార్ఖానాను నింపేసింది.

"ఏమన్నదీ మేడం?" అని తన సాంచె దగ్గర్నుంచి కేకేశాడు అంబదాస్.

హారతి మెల్లగానే చెప్పింది. ఆయనకు వినపడలేదు. ఆమె గొంతు పెంచలేదు. ఆయన సాంచె వదిలి దగ్గరికొచ్చి, వంగి, చెవిని ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె మళ్లీ చెప్పింది.

అంబదాస్ అలాగే వంగి, ఆమె చెవి దగ్గర, "రాళ్ల పనోళ్లకు నేను చెప్త తియ్, మా పిల్ల రాదని," అన్నాడు.