మహతిని ఎలా పిలుస్తారు

ఇంకా నిద్రపోలేదు, రెప్పలు వాలినట్టే వాలి మళ్లీ లేస్తున్నాయి, ఆ తియ్యమందు తాగించి ముప్పావుగంట దాటింది, నిద్రపోతే తప్ప పరీక్ష కుదరదట, పిల్ల నిద్రపోకపోతే తల్లి ఏం చేస్తుంది, జోల పాడుతుంది, పాడుతున్నాను, నీలాంబరి రాగంలో, ఇరవైమంది పిల్లలకు సంగీతం చెప్పే గొంతు నాది, పక్క గదిలో ఎవరి బిడ్డో ఏడుస్తున్నది కూడా ఊరుకుంది, మహతి మాత్రం నా పెదాల వంక చూస్తోంది, పెదాల వంకే ఎందుకు చూస్తుంది ఇది, ఛ, కీడు శంకించకు చూడామణీ, పిల్లలు తల్లి ముఖం చూడక ఊళ్లోవాళ్ల ముఖం చూస్తారా, ప్లే స్కూలు టీచరు చీటీ రాసింది కాబట్టి వచ్చాం, మూడేళ్ల నాలుగు నెలల పిల్ల ఇంకా అమ్మా అనలేదంటే ఎవరైనా ఏదో ఒక పరీక్ష చేయిస్తారు, అయిపోతే ఆటో ఎక్కి కోట దగ్గర దిగి ఇంటికెళ్లి అన్నం తింటాం, అంతే, ఇదిగో కళ్లు మూసుకుంది, పాట ఆపేశాను, ఆపినా కదల్లేదు, పాడుతున్నప్పుడు ఎలా ఉందో ఆపినప్పుడూ అలాగే ఉంది.

పరీక్ష చేసే సుహాసిని వయసులో చిన్నది, చేతులు మెత్తన, నుదుటి మీద జిగురు రాసి ఒక తీగ, చెవుల వెనక చెరొకటి అంటించింది, చెవుల్లో సన్నటి గొట్టాలు పెట్టింది, పాప ఏమీ చెప్పక్కర్లేదు మేడం, చప్పుడు చెవిలోంచి మెదడు దాకా వెళ్తే ఇక్కడ గీత మీద గుట్టలు లేస్తాయి అంది, గీత వచ్చింది, సాఫీగా ఉంది, చప్పుడు పెంచింది, సాఫీగానే ఉంది, ఇంకా పెంచింది, ఇప్పుడు గొట్టంలోంచి బయటికి కారి నాకే వినబడుతోంది, టిక్ టిక్ టిక్ టిక్, ఇంత దూరంలో కూర్చున్న నాకు వినబడుతోంది, దాని చెవిలో అది ఉరుము కావాలి, మహతి బొటనవేలు నోట్లో పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది, సుహాసిని నా వైపు చూడటం మానేసింది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పాఠం అని శిష్యుల్ని ఎన్నిసార్లు తిట్టానో, ఏ నోటితో తిట్టానో.

దాలమ్మ చెప్పింది, కిందటేడు ఆషాఢంలో, గిన్నెలు తోముతూ తోముతూ లేచొచ్చి, అమ్మా, పాపకి ఇనపడతన్నాదంటావా, ఎనకాల ఇత్తడి బిందె పడీసినా ఇటు సూడనేదు, నాకేటో బయంగా ఉన్నాదమ్మా అంది, నాకు ఒళ్లు మండింది, సంగీతం ఇంట్లో పుట్టిన పిల్లకు వినబడకపోవడమేమిటి, మామగారు వేంకటాచలం గారు మాత్రం కోప్పడలేదు, నవ్వారు, ఏదీ, చూద్దాం రా అని మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తంబురా మీటారు, మహతి అల్లరి మానేసి చెంప తీసుకెళ్లి ఆ తంబురా బుర్రకు ఆనించింది, కళ్లు సగం మూసింది, ఆయన పంచమం తీగను కాస్త సడలించారు, అంతే, మొహం చిట్లించింది, మళ్లీ బిగించారు, మొహం విప్పారింది, చూశావుటే అమ్మాయ్, శ్రుతి తప్పితే ఓర్చుకోలేకపోతోంది, మనింట్లో పిల్లలకి మాట ఆలస్యం, పాట ముందు అన్నారు, ఆయన కళ్లలో నీళ్లు, నా కళ్లలోనూ నీళ్లు, నా భర్త దీక్షిత్ అది ఫోన్లో తీసి చుట్టాలందరికీ పంపాడు, దాలమ్మను ఆ నెలలోనే మాన్పించేశాం, అపశకునం మాటలని, ఇంత చదువుకుని ఒక్కరికీ తట్టలేదు, అది వినలేదు, చెంపతో తడిమింది, తీగ సడలితే బుర్ర గరగర అదురుతుంది, ఆ అదురు నచ్చక చిట్లించింది.

సుహాసిని తీగలు విప్పుతూ నెమ్మదిగా చెబుతోంది, రెండు చెవులూ మేడం, బాగా ఎక్కువ లోపం, ముందు మిషన్ పెట్టి చూస్తాం, చాలకపోతే ఆపరేషన్ చేసి లోపల పరికరం అమరుస్తారు, కానీ చెవి గుమ్మం మాత్రమే, వినేది మెదడు, పుట్టిందగ్గర్నుంచి చప్పుడు వెళ్తూ ఉంటేనే లోపల ఆ దారి తయారవుతాది, మొదటి మూడు మూడున్నరేళ్లే దానికి మంచి అదను, చప్పుడు రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు మేడం, చూపు కొంత తీసేసుకుంటాది, స్పర్శ కొంత తీసేసుకుంటాది, తర్వాత ఎంత చప్పుడు పంపినా చప్పుడుగానే ఉండిపోవచ్చు, మాట అవకపోవచ్చు, మాది నరసన్నపేట దగ్గర వ్యవసాయం, ముదిరిపోయిన నారు నాటితే ఏటవుతాది, బతుకుతాది, పిలకలు సరిగా వెయ్యదు, ఇంక ఒక్క నెల కూడా ఆగకండి అంది, మూడున్నరకు రెండు నెలలుంది, రెండే, నేను జోల పాడిన ప్రతి పూటా దాని తలలో నా గొంతుకు దక్కాల్సిన చోటు గజం గజం పరాయిపాలవుతూ వచ్చింది, ఇప్పుడు, ఈ నిమిషంలో కూడా పోతోంది, బయట వరండాలో దీక్షిత్ వాళ్ల నాన్నతో ఫోన్లో మాట్లాడుతున్నాడు, స్పీకర్లోంచి ఆయన గొంతు, కంగారేటిరా, నాకు అయిదో ఏట మాటొచ్చింది, విజయదశమికి పాఠం మొదలెడదాం, అంతా అదే వస్తాది, నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ తంబురా మీద, దాన్ని ఫోన్లో తీసిన దీక్షిత్ మీద, పద్నాలుగు నెలలు, దాలమ్మ మాట విని ఉంటే పద్నాలుగు నెలలు మిగిలేవి, ఒక ముసలాయన మురిపెం నా బిడ్డ నోరు నొక్కేసింది.

మహతి లేచింది, గోడవైపు తిరిగి కూర్చుని నుదుటి జిగురు గోక్కుంటోంది, ఇంట్లో పాపను ఎలా పిలుస్తారు మేడం అని సుహాసిని అడిగింది, ఎలా ఏమిటి, పేరు పెట్టే అన్నాను, పలుకుతుందా అంది, పలక్కపోయినా తిరిగి చూస్తుందండీ, ఎప్పుడూ చూస్తుంది, అయితే ఒకసారి పిలవండి, ఇంట్లో పిలిచినట్టే అంది, లేచి నిలబడ్డాను, మహతీ అనబోయాను, గొంతుకంటే ముందు నా కుడి మడమ లేచి నేలను దబ్బున కొట్టింది, గచ్చునేల, కదల్లేదు, మహతి తిరగలేదు, సుహాసిని నా పాదం వైపు చూస్తోంది, నేనూ చూస్తున్నాను, ఎవరిదో కాలు చూసినట్టు చూస్తున్నాను, మేముండేది మేడ మీద, చెక్కపలకల నేల, అక్కడ మడమ కొడితే గదంతా అదురుతుంది, అది వెంటనే తిరుగుతుంది, అన్నానికి, నీళ్లు పోయడానికి, నిద్రకు, రోజూ కొడతాను, ఎప్పటినుంచి, దాలమ్మ చెప్పకముందు నుంచి, అది నిలబడకముందు నుంచి, పాకుతూ మెట్లవైపు పోయిన రోజు, అరిచాను, మళ్లీ అరిచాను, ఆగలేదు, పరుగెత్తబోతూ కాలు గట్టిగా వేశాను, ఆగి చూసింది, ఆ మర్నాటి నుంచీ, ఎవరూ చెప్పలేదు నాకు, నేనూ ఎవరికీ చెప్పలేదు, మామగారు పొరబడ్డారు, దీక్షిత్ నమ్మాడు, నేను పొరబడలేదు, నా బిడ్డకు వినబడదని నాకు తెలుసు, రెండున్నరేళ్లుగా తెలుసు.